సెలీనియం నేర్చుకున్నాం సరే, దాన్ని దిద్దేదెవరు?



గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు బీటెక్కో డిగ్రీయో అయిపోయిన పిల్లల్ని "తర్వాతేంది?" అని అడిగితే, వచ్చే జవాబుల్లో ఒకటి మనకు బాగా అలవాటైపోయింది. "అమీర్‌పేట పోతాండా అన్నా, టెస్టింగ్ నేర్చుకోడానికి." ఎందుకు పోతారో నేను చెప్పనక్కర్లేదు. వానను నమ్ముకున్న సేద్యం, ఏళ్ల తరబడి వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపు, కొన్ని మండలాల్లో తాగే నీళ్లలోనే ఫ్లోరైడ్. మార్కాపురం పలకల పరిశ్రమ ఒకప్పుడు ఎక్కడెక్కడి బడిపిల్లలకో పలకలందించింది. ఇప్పుడు గోడలకు అంటించే రాళ్లు చేసి విదేశాలకు పంపుతోంది గానీ, చదువుకున్న పిల్లలందరికీ పని చూపించడం దానివల్ల అయ్యేది కాదు. అందుకని హైదరాబాదు బస్సెక్కుతారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగుతారు. అక్కడ గోడ కనపడకుండా బోర్డులు. వాటిలో సగం మనవాళ్లకు కంఠోపాఠం: మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం విత్ జావా, సెలీనియం విత్ పైథాన్.

ఆ సెలీనియం గురించే ఈ పూట మాట్లాడుతాను. దాన్ని వాడటం ఎలాగో కోచింగ్ సెంటర్లో చెబుతారు. దాన్ని దిద్దే పనిలో మనమూ చెయ్యి వేయొచ్చన్న సంగతి మాత్రం అక్కడ చెప్పగా నేను వినలేదు.

ఈ రంగం తెలియని పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. బ్యాంకు యాప్ కావచ్చు, ఆర్టీసీ టికెట్టు బుక్ చేసుకునే సైటు కావచ్చు, జనం చేతికి రాకముందు దాన్ని ఎవరో ఒకరు పరీక్షించాలి. ఈ బటన్ నొక్కితే ఆ పేజీ వస్తోందా, తప్పు పిన్ కొడితే ఆపుతోందా, ఒకే సీటు ఇద్దరికి అమ్ముతోందా. ఇదంతా మనిషే కూర్చుని రోజూ నొక్కుతూ పోతే తెల్లారుతుంది. అందుకని ఆ నొక్కే పనిని ఒక ప్రోగ్రాంకు అప్పజెబుతారు. బ్రౌజర్‌ను మనిషి నడిపినట్టే నడిపే అలాంటి పనిముట్టు సెలీనియం.

దీని పుట్టుక 2004లో, అమెరికాలోని షికాగోలో. థాట్‌వర్క్స్ అనే కంపెనీలో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన తమ ఆఫీసు అవసరానికి రాసుకున్నది. అప్పట్లో ఈ రంగాన్ని ఏలుతున్నది మెర్క్యురీ ఇంటరాక్టివ్ కంపెనీ. విన్‌రన్నర్, క్యూటీపీ వాళ్లవే. 2000ల్లో అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకున్నవాళ్లకు ఈ పేర్లు ఇప్పటికీ నోట్లో ఆడుతుంటాయి. అవి డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు. లైసెన్సు ధర మామూలు మనిషికి అందేది కాదు. లోపల ఏముందో చూసే వీలూ లేదు. 2006లో హెచ్‌పీ కంపెనీ మెర్క్యురీని మొత్తంగా కొనేసింది. మెర్క్యురీ అంటే పాదరసం కదా, పాదరసం విషానికి సెలీనియం విరుగుడంటారు కదా అని సరదాకు పెట్టిన పేరు సెలీనియం. సరదా నిజమై కూర్చుంది. కోచింగ్ బోర్డుల మీద క్యూటీపీ పేరు చిన్నదవుతూ, సెలీనియం పేరు పెద్దదవుతూ వచ్చింది.

2018 జూన్‌లో, సెలీనియం గుండెకాయ అనదగ్గ వెబ్‌డ్రైవర్ పద్ధతిని వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ అధికారిక ప్రమాణంగా ఒప్పుకుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అన్నీ దాన్ని పాటిస్తాయి. 2021 అక్టోబరులో సెలీనియం నాలుగో వెర్షన్ వచ్చింది. సెలీనియం ఒక యజమాని సొత్తు కాదు. అపాచీ లైసెన్సు కింద సోర్సు కోడు మొత్తం ఇంటర్నెట్‌లో ఉంది. మీరు దించుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు, మీ మార్పు బాగుంటే అసలు దాంట్లో కలపమని అడగొచ్చు. అడగడానికి డిగ్రీ చూపించనక్కర్లేదు, హైదరాబాదులో ఉండనక్కర్లేదు. తర్లుపాడులో మిద్దె మీద కూర్చుని అడిగినా వింటారు.

"మనలాంటోళ్ల మార్పులు వాళ్లకెందుకు? అంతంత ఇంజనీర్లుండారే" అని సందేహం రావచ్చు. దానికి జవాబుగా ఒక నిజం సంగతి చెబుతాను.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు వాడేవాళ్లు ఒక వింత చూశారు. ఒకే ఒక అక్షరం మెసేజీలో వస్తే చాలు, ఆ యాప్ కూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. నోటిఫికేషన్‌లో వస్తే ఏకంగా ఫోను తెరే స్తంభించేది. ఆ అక్షరం తెలుగుది. జ్ఞానంలో జ్ఞా. మామూలుగా రాసిన జ్ఞాతో ఏమీ కాదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం, ఈ వరుసలో వస్తేనే కూలేది. అల్లరి పిల్లలు దాన్ని స్నేహితులకు పంపి ఆడుకున్నారు. ఆపిల్ వాళ్లు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అని అప్‌డేట్ వదిలి సరిచేశారు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు ఆ రోజుల్లోనే కూర్చుని దీన్ని విడమరిచి రాశారు. ఇలాంటి కూర్పులు బెంగాలీ, దేవనాగరిలో కూడా ఉన్నాయని తేల్చారు.

ఇందులో మనం పట్టుకోవలసింది ఏమిటంటే, అంత డబ్బున్న కంపెనీలో, అంతమంది పరీక్షించేవాళ్లు ఉండగా, ఆ వరుసలో అక్షరాలు పేర్చి ఎవరూ పరీక్షించలేదు. తెలుగులో రోజూ టైపు చేసేవాళ్ల చేతికే అలాంటివి తగులుతాయి. పైగా అక్షరాలను తెర మీద కూర్చే ఆ కోడు మూసి ఉన్నది గనక, బయటివాళ్లు గోల పెట్టగలిగారే గానీ చేత్తో బాగు చేయలేకపోయారు. ఇదే పని చేసే తెరిచిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది, హార్ఫ్‌బజ్ అని. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రె ఆఫీసులో మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చి చూపించేది అదే. దాని పరీక్షల మూటలో తెలుగు అక్షరాల ముక్కలు కూడా ఉన్నాయి. అక్కడ ఇంకొకటి చేర్చాలంటే ఎవరి అనుమతి పత్రమూ అక్కర్లేదు, పని సరిగా ఉండాలి అంతే.

ఇక కాస్త లోపలికి పోదాం. పైథాన్ భాషలో పరీక్షలు రాసేవాళ్లు ఎక్కువగా వాడే పనిముట్టు పైటెస్ట్. ఇది కూడా ఉచితం, ఎంఐటీ లైసెన్సు. కోచింగుల్లో సెలీనియంతో పాటు దీన్నీ చెబుతారు. దీనికి మన ఊళ్ల పేర్లిచ్చి చూద్దాం. రేడియోలో తెర చూపించలేను గనక చదివి వినిపిస్తాను.

మార్కాపురం. మనం చదివితే నాలుగక్షరాలు: మా, ర్కా, పు, రం. కంప్యూటర్‌ను ఎన్నని అడిగితే పది అంటుంది. మ ఒకటి, దీర్ఘం ఒకటి, ర ఒకటి, పొల్లు ఒకటి, క, మళ్లీ దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. గిద్దలూరు మనకు నాలుగు, దానికి తొమ్మిది. కంభం మనకు రెండు, దానికి నాలుగు. కాబట్టి ఎవరో ఒక ప్రోగ్రామరు "ఊరి పేరు ఎనిమిది అక్షరాలకు మించకూడదు" అని ఫారంలో నియమం పెట్టాడనుకోండి, నాలుగక్షరాల మార్కాపురం ఆ ఫారంలో పట్టదు.

ఇంకో ముచ్చట. పాఠంలోంచి పదాలను ఏరడానికి పైథాన్‌లో వాడే ఒక గుర్తుంది, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటారు. ఇంగ్లిషు పదాన్ని చక్కగా పట్టుకుంటుంది. మార్కాపురం ఇస్తే ఏమొస్తుందో తెలుసా? మ, ర, క, ప, ర. దీర్ఘాలు, పొల్లు, కొమ్ము, సున్నా అన్నీ రాలిపోయి, ఒక పదం అయిదు ముక్కలవుతుంది. మన గుణింతపు గుర్తుల్ని అది అక్షరాల కింద లెక్కవేయదు. ఈ ఫిర్యాదు 2011 నాటికే పైథాన్ వాళ్ల దగ్గర నమోదై ఉంది. తెలుగులో పేరు రాస్తే "చెల్లని అక్షరాలు" అని మొహాన కొట్టే ఫారాలు మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్నిటి వెనక ఉన్నది ఇలాంటి నియమమే.

ఇప్పుడు పైటెస్ట్ సంగతి. ఒకే పరీక్షను పది ఊళ్ల పేర్లతో నడిపించే వీలు దాంట్లో ఉంది. నడిపిస్తే ఏ ఊరు పాసైంది, ఏ ఊరు ఫెయిలైంది అని జాబితా వస్తుంది. తెలుగు పేర్లిచ్చామా, ఆ జాబితాలో మార్కాపురం అని కనపడదు. వెనక్కి వాలిన గీత, యు, సున్నా, సి, రెండు, ఇ. మళ్లీ వెనక్కి వాలిన గీత, యు, సున్నా, సి, మూడు, ఇ. ఇప్పటికి "మా" అయింది. మిగతాదంతా ఇలాగే. పదిహేను ఊళ్లుంటే తెర నిండా ఈ గీతలే, ఫెయిలైంది పొదిలో కనిగిరో తెలుసుకోవడానికి కోడు పట్టిక తీసుకుని కూర్చోవాలి.

దీన్ని ఆపే మీట లేకపోలేదు. సెట్టింగుల ఫైలులో ఒక పేరు రాసి "అవును" అనాలి. ఆ పేరు ఇది, ఊపిరి బిగబట్టి వినండి: డిసేబుల్ టెస్ట్ ఐడీ ఎస్కేపింగ్ అండ్ ఫర్‌ఫీట్ ఆల్ రైట్స్ టు కమ్యూనిటీ సపోర్ట్. అంటే, ఈ మీట నొక్కారా, తర్వాత ఏదైనా చెడితే మా సాయం అడిగే హక్కు వదులుకున్నట్టే అని పేరులోనే రాసిపెట్టారు. తుంటరితనమే గానీ దాని వెనక కారణం ఉంది. కొన్ని ఆపరేటింగ్ సిస్టముల్లో, కొన్ని ప్లగిన్లతో ఇంగ్లిషేతర అక్షరాలు చిక్కులు తెస్తాయి. ఆ చిక్కులన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుని తీర్చడానికి, రోజూ ఆ అక్షరాలతో పనిచేసేవాళ్లు కావాలి. నాకు ఇక్కడ కనిపించేది ఫిర్యాదు కన్నా ఖాళీగా ఉన్న కుర్చీ.

అలాంటిదే ఇంకొకటి. రెండు మాటలు కలవనప్పుడు పైటెస్ట్, తేడా ఎక్కడుందో చూపడానికి కింద చిన్న గుర్తులు వేస్తుంది. లెక్క పది చొప్పున వేస్తుంది, తెర మీద పేరు నాలుగక్షరాల మేరే ఉంటుంది. గుర్తు పోయి ఎక్కడో ఖాళీలో పడుతుంది. ఇంగ్లిషు తప్ప వాడనివాళ్ల కంటికి ఇది జన్మలో పడదు.

సరే, ఒక లోపం పట్టారు. దాన్ని ఎలా అందజేస్తారు? ముందు, ఈ ప్రాజెక్టుల కోడు ఉండే గిట్‌హబ్ అనే సైటులో ఖాతా, అది ఉచితం. తర్వాత అక్కడి ఫిర్యాదుల జాబితాలో వెతకాలి, ఇదే సంగతి ఎవరైనా ముందే చెప్పారా అని. ఈ వెతుకులాట చాలామంది చేయరు, అక్కడే సగం మంది మాట పోగొట్టుకుంటారు. లేకపోతే కొత్తగా ఇష్యూ, అంటే ఫిర్యాదు, తెరవాలి. మంచి ఇష్యూకు పెద్ద ఇంగ్లిషు అక్కర్లేదు. ఏ వెర్షన్ వాడాను, ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఈ నాలుగూ ఉండి, ఎదుటివాడు తన దగ్గర నడిపించి చూసుకునేంత చిన్న కోడు ముక్క జతచేస్తే చాలు. "యువర్ సాఫ్ట్‌వేర్ ఈజ్ నాట్ వర్కింగ్ సర్, కైండ్లీ డు ది నీడ్‌ఫుల్" అని రాస్తే మాత్రం ఎవరూ పలకరు.

ఆ తర్వాత సొంతంగా దిద్దదలచుకుంటే ఆ కోడుకు మీ ఖాతాలో ఒక నకలు తీసుకుంటారు, దాన్ని ఫోర్క్ అంటారు. అందులో మీ మార్పు కోసం ఒక కొమ్మ, అంటే బ్రాంచ్, పెట్టుకుంటారు. ఇక్కడ చేయి నేరుగా కోడు మీదికి పోకూడదు. ముందు పరీక్ష రాయాలి. ఆ లోపం ఉన్నంతవరకు ఫెయిలయ్యే పరీక్ష. అది ఎర్రగా ఫెయిలవడం కళ్లారా చూశాక కోడు దిద్దాలి. అప్పుడు పచ్చబడాలి. ముందే పాసైపోయే పరీక్ష దేనికీ సాక్ష్యం కాదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. పైటెస్ట్ అనేది పరీక్షించే పనిముట్టు. దాన్ని పరీక్షించేది మళ్లీ పైటెస్టే. పైటెస్టర్ అనే ఏర్పాటు తాత్కాలికంగా ఒక ఫోల్డరు తెరిచి, అందులో చిన్న పరీక్ష ఫైలు రాసి, పైటెస్ట్‌ను దాని మీద నడిపించి, తెర మీద ఏం పడిందో వరుస వరుసా సరిచూస్తుంది.

అది కుదిరాక చేంజ్‌లాగ్ అనే ఫోల్డరులో ఒక చిన్న ఫైలు చేర్చాలి. ఫైలు పేరు ఆ ఇష్యూ నంబరుతో మొదలై, బగ్‌ఫిక్సా, కొత్త సౌకర్యమా, డాక్యుమెంటేషనా అన్నది పేరులోనే ఉండాలి. లోపల వాడేవాళ్లకు అర్థమయ్యేలా ఒకటి రెండు వాక్యాలు. తర్వాత ఆథర్స్ అనే ఫైలులో అక్షరక్రమంలో మీ పేరు మీరే రాసుకోవచ్చు. మన బేస్తవారిపేట అమ్మాయి పేరు జర్మనీ, బ్రెజిల్ వాళ్ల పేర్ల మధ్య అలా చేరుతుంది. అప్పుడు "ఈ మార్పు కలపండి" అని అర్జీ పెడతారు. పుల్ రిక్వెస్ట్ అంటే అదే.

అర్జీ పెట్టాక ముందు యంత్రాలు చూస్తాయి. లినక్స్ మీద, విండోస్ మీద, మాక్ మీద, పైథాన్ వెర్షన్లు మార్చి మార్చి పరీక్షలన్నీ నడుస్తాయి. ఇది మన పిల్లలకు పెద్ద వరం అంటాను. ఆపిల్ ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేకపోయినా, మీ మార్పు ఆపిల్ మీద నడుస్తుందో లేదో ఖర్చు లేకుండా తేలుతుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా సరే, రాసి పంపేంత ఓపిక దానికుంటే చాలు. నెట్టు నెమ్మదిగా ఉందంటారా, కోడు దించుకునే గిట్ అనే పనిముట్టులో "డెప్త్ ఒకటి" అని చెప్పి దించుకుంటే ఏళ్ల చరిత్ర అంతా మోసుకురాకుండా తాజా కోడు మాత్రమే వస్తుంది. సెల్ డేటా మీద బతికేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత మనుషులు చూస్తారు. వాళ్లను మెయింటెయినర్లు అంటారు. కంభం చెరువు మనందరికీ తెలిసిందే. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా. ఆ చెరువు ఆయకట్టు రైతులందరిదీ. కట్టకు గండి కనపడితే ఎవరైనా కేకేయొచ్చు, ఎవరైనా తట్ట మట్టి పోయొచ్చు. తూము మాత్రం ఎవడికి తోచినప్పుడు వాడు ఎత్తడానికి లేదు. మెయింటెయినర్ పని ఆ తూము దగ్గర మనిషి పనే. ఆయన ఒక్క తప్పు మార్పును లోపలికి వదిలితే దాన్ని వాడే లక్షలమంది మీద పడుతుంది. అందుకే ప్రశ్నలు అడుగుతారు. "ఈ పేరు మార్చండి", "ఇక్కడ ఇంకో పరీక్ష రాయండి", "ఇది వద్దు, ఇలా చేద్దాం". మనవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. ఎర్ర ఇంకు చూసిన బడిపిల్లల్లా అర్జీ వదిలేసి పారిపోతారు. అడిగింది దిద్ది మళ్లీ పంపితే సరిపోయేది. ఆ మెయింటెయినర్లలో చాలామంది జీతం లేకుండా, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట చూసేవాళ్లే. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. "ఎనీ అప్‌డేట్ సర్?" అని పూటకోసారి గోకకండి.

తెలుగువాళ్లు ఈ దారిన నడిచారా అంటే, నడిచారు. ఫ్రీడమ్‌బాక్స్ అని ఒకటుంది. మన ఫొటోలు, మాటలు పెద్ద కంపెనీల సర్వర్లలో కాక, మన ఇంట్లో ఒక చిన్న పెట్టెలో ఉండాలన్న ఆలోచన. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ దీన్ని ముందుకు తెచ్చారు. దాని సాంకేతిక పనిని ముందుండి నడిపిస్తున్న వారిలో సునీల్ మోహన్ అడపా ఒకరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు దాన్ని పల్లెలకు తీసుకుపోయారు. ఆ పెట్టెను నడిపే వెబ్ పేజీలను పరీక్షించడానికి వాళ్లు వాడేది ఏమిటనుకున్నారు? పైటెస్ట్, దాంతో పాటు స్ప్లింటర్. ఆ స్ప్లింటర్ లోపల బ్రౌజరును తోలేది మన అమీర్‌పేట సెలీనియమే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పరీక్షలను సొంత కంప్యూటర్లో ఎలా నడపాలో హ్యాకింగ్ అనే పేరున్న ఫైలులో మెట్టు మెట్టుగా రాసి ఉంచారు. అందుకే సెలీనియం కోర్సు చేసిన పిల్లలకు, ఫీజు కట్టి నేర్చుకున్న విద్య వెంటనే పనికొచ్చే చోటుగా నేను దీన్నే ముందు చెబుతాను. దాని తెలుగు అనువాదంలో కూడా చేయి వేయొచ్చు.

ఇప్పుడొక చేదు సంగతి. ప్రతి అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఒక ఉత్సవం జరుగుతుంది. 2014లో మొదలైంది. కొన్ని పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఏమైందంటే, టీషర్టు సులువుగా కొట్టేయడం ఎలాగో వీడియోలు వచ్చాయి. చూసినవాళ్లు వేలకు వేలుగా, ప్రాజెక్టు పరిచయ ఫైలులో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని రెండు ముక్కలు చేర్చి అర్జీలు పెట్టారు. ప్రపంచవ్యాప్తంగా మెయింటెయినర్లకు ఆ వారం నరకమే. నిర్వాహకులు ఆ నెల మొదటి రోజుల్లోనే నియమం మార్చాల్సి వచ్చింది, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే అర్జీలు లెక్కలోకి వస్తాయని. ఆ చెత్తలో మన దేశపు పిల్లల పేర్లు చాలా ఉన్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఈమధ్య దాని తమ్ముడు తయారయ్యాడు. ఏఐని అడిగి పుట్టించిన ఫిర్యాదులు, తమకే అర్థం కాని మార్పులు. కర్ల్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరును నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ ఈ బెడద గురించి బాహాటంగానే మొత్తుకున్నారు. ఏఐ సాయం తీసుకోవద్దని నేననను. మీరు పంపిన ప్రతి వరుస ఎందుకు రాశారో అడిగితే చెప్పగలగాలి. చెప్పలేకపోతే పంపకండి.

ఇంట్లో పెద్దవాళ్ల అనుమానం వేరే ఉంటుంది. "ఒరే, జీతం లేకుండా ఎవరికి రా ఈ చాకిరీ?" న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగం ఖాయమని నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మొద్దంటాను కూడా. జరిగేది ఇంతవరకు: ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లందరి రెజ్యూమేలోనూ "సెలీనియం వచ్చు" అనే ఉంటుంది. ఒకళ్ల దగ్గర మాత్రం వాళ్లు పట్టిన లోపం, రాసిన పరీక్ష, మెయింటెయినరుతో జరిగిన వాదన, చివరికి కలిసిన మార్పు, అన్నీ తేదీలతో సహా ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉంటాయి. దొంగ అనుభవం పెట్టిన రెజ్యూమేలు హైదరాబాదులో ఎంత మామూలైపోయాయో అందరికీ తెలుసు. దీంట్లో ఆ దొంగతనానికి చోటు లేదు. డబ్బు కూడా అసలు లేకపోలేదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి ఇలాంటి పనికి భృతి ఇస్తోంది. 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లకు కూడా తలుపు తెరిచింది. దానికి ఎంపికయ్యేవాళ్లలో భారతీయుల సంఖ్య ఏటా పెద్దదే. ఎంపిక చేసేటప్పుడు ముందు చూసేది, అంతకుముందు ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న మార్పులేమైనా చేశారా అని.

కోడు రాయడం ఇంకా చేతకానివాళ్లు డాక్యుమెంటేషన్ పట్టుకోవచ్చు. సెలీనియం డాక్యుమెంటేషన్ ఇంగ్లిషుతో పాటు జపనీస్, చైనీస్, పోర్చుగీసు భాషల్లో ఉంది. అందులోని ఉదాహరణ కోడు జావా, పైథాన్, సీషార్ప్, రూబీ, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో ఉంటుంది. ఒక భాషలో ఉన్న ఉదాహరణ ఇంకో భాషలో లేని చోట్లు కనిపిస్తాయి. మీకు వచ్చిన భాషలో అది నింపండి. పని చిన్నదే, కానీ దాంతో ఆ ప్రాజెక్టు మర్యాదలన్నీ తెలిసొస్తాయి.

మార్కాపురం, గిద్దలూరు కాలేజీల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టార్లకు నాదొక మనవి. చివరి సంవత్సరం ప్రాజెక్టు అంటే అమీర్‌పేటలో కొని తెచ్చి అట్ట మార్చే పుస్తకం అయిపోయిందని మీకూ తెలుసు. ఈ ఏడాది ఒక్క జట్టుకైనా వేరే పని అప్పగించండి. ఒక తెరిచిన టెస్టింగ్ ప్రాజెక్టు తీసుకోమనండి, మన మండలాల పేర్లన్నీ తెలుగులో దానికిచ్చి ఎక్కడ తడబడుతుందో పట్టమనండి, పట్టినదాన్ని ఇష్యూగా రాయించి మీరు ఒకసారి చదివి పంపించండి. కలిపినా, కలపకుండా తిప్పి పంపినా, అక్కడ వచ్చిన జవాబులు చూసి మార్కులు వేయండి. విద్యార్థులకైతే ఒకటే చెబుతాను: మొదటి మార్పు ఇరవై వరుసలు దాటనివ్వకండి, దాంతో పాటు పరీక్ష తప్పకుండా రాయండి.